రెండో ఆదివారం దిగిన బుట్ట

సఖినేటిపల్లి రేవులో అప్పాయమ్మ కాళ్ళు మొదటిసారి మొరాయించిన రోజున ఆమె నెత్తి మీద పన్నెండు కిలోల చందువా చేపలున్నాయి. జనాన్నీ బళ్ళనీ గోదావరి దాటించే పంటు ఎక్కడానికి వేసిన ఇనప బల్ల దాకా నడిచొచ్చి ఆమె ఆగిపోయింది. ఎక్కుదామనుకుంది. కాళ్ళు ఎక్కనన్నాయి. నొప్పి లేదు, తిమ్మిరి లేదు. పాదాలు నేలకి అంటుకుపోయాయి, అంతే. వెనక మోటారు సైకిళ్ళు హారన్లు కొడుతున్నాయి, నర్సాపురం వెళ్ళాల్సిన జనం అసహనంగా నిలబడ్డారు.

కొబ్బరి బొండాలు బండికి కట్టుకుని రోజూ గోదావరి దాటే గణపతి వెనకనుంచి, "ఎక్కండి మామ్మా, పంటు ఎల్లిపోద్ది" అని భుజం మీద చెయ్యి వేసి ముందుకి తోశాడు. ఒళ్ళు ముందుకి వెళ్ళింది, కాళ్ళు అక్కడే ఉండిపోయాయి. అప్పాయమ్మ బల్ల మీద బోర్లా పడింది. చందువాలు బురదలో పడ్డాయి. సాయం చేసేవాళ్ళు లోకంలో ఎప్పుడూ ఇంతే. ముందు తోస్తారు, తరవాత అయ్యో అంటారు.

అప్పాయమ్మ అయ్యో అనిపించుకోలేదు. మోచెయ్యి చెక్కుకుపోయి రక్తం కారుతుంటే చీర కొంగు చుట్టింది. ఒక్కొక్క చేపనీ ఏరి గోదాట్లో కడిగి, తరవాతి పంటుకి ఎక్కి, అవతల ఒడ్డున అన్నీ అమ్మేసి ఇంటికొచ్చింది. ఇంట్లో ఒక్క మాట చెప్పలేదు. చెబితే కూర్చోబెడతారు. అరవై ఒకటో ఏట ఆమె ఈ భూమ్మీద భయపడేది ఒక్క మాటకే. అది 'ఇంక కూర్చో' అనే మాట.

ఎందుకంత భయమో తెలియాలంటే ఆమె చోటు సంగతి చెప్పాలి. నర్సాపురం చేపల బజారులో రెండో వరసలో, కుళాయి పక్కన, ఆమెకో చోటుంది. భర్త కొండలరావు జ్వరంతో పోయేనాటికి కొడుకు పాలబుగ్గలవాడు. వాణ్ణి అత్తగారి దగ్గర వదిలి, తొమ్మిదేళ్ళు నెత్తిన తట్టతో నర్సాపురం వీధులన్నీ తిరిగింది. వీధిలో అమ్మేదానికి కేక ఉండాలి. ఆమె కేక మూడు వీధుల అవతలికి వినపడేది. తరవాత ఒక ముసలమ్మ కాలం చేస్తే ఆ చోటు అప్పాయమ్మకి దక్కింది. ఆ రోజునుంచి కేక మానేసింది. చోటున్నది కేకెయ్యదు, కొనేవాళ్ళే వెతుక్కుంటూ వస్తారు. బజారులో అది మర్యాద. చోటుండీ కేకేసేదాన్ని చూసి పక్కవాళ్ళు నవ్వుతారు.

చోటుకి కాగితం లేదు, కట్టుబాటు ఉంది. వరసగా రెండు ఆదివారాలు బుట్ట దిగకపోతే ఆ చోటు తరవాతి ఆమెది. ఇప్పుడందరివీ సత్తు బేసిన్లే అయినా మాట మాత్రం బుట్టే. పైగా ఆ బుట్ట ఎవరిదో వాళ్ళే పంటు మీదనుంచి తమ కాళ్ళ మీద తెచ్చి, తమ చేత్తో దించాలి. కొడుకు దించితే చెల్లదు, కోడలు దించితే చెల్లదు. ఎప్పుడో ఒక పెద్దావిడ మంచాన పడితే నలుగురు కోడళ్ళు ఆ చోటు కోసం జుట్లు పట్టుకున్నారట. అప్పుడు పెట్టుకున్న నియమం. అప్పాయమ్మ తరవాత వరసలో ఉన్నది కాసులమ్మ. పదకొండేళ్ళుగా వీధుల్లో కేకేస్తోంది, చెడ్డ మనిషేం కాదు. తన వంతు కోసం చూస్తోంది. అప్పాయమ్మ కూడా ఒకప్పుడు అలాగే చూసింది, కాబట్టి తప్పు పట్టలేదు. అలాగని ఇవ్వనూ లేదు.

చెయ్యి వణకడం, అడుగులు చిన్నవైపోవడం అంతకు ముందు ఏడాదే మొదలైంది. మొహంలో కదలిక తగ్గింది. అప్పాయమ్మకి ఈమధ్య కోపం ఎక్కువైందని కొనేవాళ్ళు అనుకున్నారు. కోపం ఎప్పుడూ ఉన్నదే, నవ్వు తగ్గింది. పడిపోయిన సంగతి చివరికి గణపతి నోటినుంచే ఊళ్ళోకి వచ్చింది. రొయ్యల చెరువు మీద పనిచేసే కొడుకు సత్యదుర్గారావు ఆమెను అమలాపురం తీసుకెళ్ళాడు. అక్కడి డాక్టరు పార్కిన్సన్స్ అన్నాడు. మెదడులో ఒక రసం తగ్గిపోతుందని, కాళ్ళకీ చేతులకీ కబురు సరిగ్గా అందదని చెప్పి మాత్రలు రాశాడు.

నాలుగు నెలలు మాత్రలు మింగినా పెద్దగా గుణం కనపడలేదు. కోడలు నాగదుర్గ రోజూ రేవుదాకా వచ్చి, బల్ల దగ్గర చెయ్యి పట్టుకుని లాగి ఎక్కించేది. ఒకరోజు అన్నం పెడుతూ అననే అంది.

"అత్తా, మాకేం లోటు చేసేవు నువ్వు? ఇంక కూర్చో. కాసులమ్మ పిన్నికి ఇచ్చేద్దాం ఆ చోటు."

"నన్ను గోదాట్లో కలిపిన రోజున ఇచ్చెయ్. ఈలోగా ఆ మాటెత్తితే కంచం తీసి కొడతాను" అంది అప్పాయమ్మ. చెయ్యి వణుకుతుంటే కంచం కూడా వణికింది. దానికి కూడా కోపం వచ్చినట్టుందని నాగదుర్గ నవ్వుకుంది గానీ, కొంగుతో కళ్ళు తుడుచుకుంది.

కాకినాడలో నరాల డాక్టరమ్మ ఉందని కావ్య ఫోన్ చేసింది. కావ్య అప్పాయమ్మ చెల్లెలి కూతురు, అక్కడే జగన్నాథపురంలో కాపురం. సరే చూద్దామని వెళ్ళారు. డాక్టరు పుష్పలత అప్పాయమ్మని నడిపించింది, వేళ్ళు ఆడించమంది, తలుపు దాటమంది. తలుపు దగ్గర కాళ్ళు మళ్ళీ ఆగిపోయాయి. డాక్టరమ్మ కంగారు పడలేదు, తోయలేదు. ఆ ఒక్క పనికే అప్పాయమ్మకి ఆమె మీద గురి కుదిరింది.

"మాత్ర ఎప్పుడు వేసుకుంటున్నారండీ?"

"తెల్లారగట్ల నాలుక్కండి. చద్దన్నం తిన్నాక."

"చద్దన్నంలోకి ఏంటి?"

"రాత్రి మిగిలిన చేపల పులుసండీ. ఇంకేముంటాది మా ఇళ్ళల్లో?" అంది అప్పాయమ్మ, ఇదేం ప్రశ్న అన్నట్టు.

డాక్టరమ్మ కుర్చీ దగ్గరికి లాక్కుని మెల్లగా చెప్పింది. చేపలో ఉండే మాంసకృత్తులూ ఈ మాత్రా ఒకే దారిలో ఒంట్లోకి వెళ్తాయట. రెండూ ఒకేసారి వస్తే చేప ముందు వెళ్ళిపోతుంది, మాత్ర బయటే నిలబడిపోతుంది. పరగడుపున వేసుకోమని అమలాపురం డాక్టరు చెప్పే ఉంటాడు. చెప్పాడు కూడా. ఖాళీ కడుపున మాత్ర మింగితే పేగులు మాడిపోతాయని ఆ మాట పక్కన పెట్టింది అప్పాయమ్మే.

"చేప మానెయ్యమంటారా అయితే?" అని నిటారుగా కూర్చుంది. మానమంటే లేచి వెళ్ళిపోయేలా ఉంది.

"మానొద్దండీ. మాత్రకీ చేపకీ మధ్య గంట ఎడం ఉంచండి చాలు."

ముప్పై ఏళ్ళు తనకి అన్నం పెట్టిన చేప తన మందు తినేస్తోందన్న సంగతి అప్పాయమ్మ ఇంటికొచ్చాక కూడా తలుచుకుని తలుచుకుని తిట్టింది. చేపని కాదు, తననే. గంట ఎడం పెట్టాక నెలరోజుల్లో వణుకు తగ్గింది, చీర కుచ్చిళ్ళు తనే పెట్టుకుంది. కానీ పంటు బల్ల దగ్గర, గుమ్మాల దగ్గర కాళ్ళు మాత్రం మొరాయిస్తూనే ఉన్నాయి. మాత్ర మాట కూడా వినని మొండితనం అది. ఎవరి కాళ్ళు మరి.

అప్పుడు కొడుకుతో మళ్ళీ కాకినాడ వెళితే డాక్టరమ్మ రెండో సంగతి చెప్పింది. కోత లేదు, సూది లేదు. నెత్తి మీద ఒక తీగచుట్ట ఆనించి, అయస్కాంత శక్తితో మెదడులో కాళ్ళని నడిపించే చోటుని మేలుకొలుపుతారు. రోజుకి అరగంట, సోమవారంనుంచి శుక్రవారందాకా, రెండు వారాలు. "ఒకటి ముందే చెప్తున్నానండీ. ఇది జబ్బుని పోగొట్టదు. కొందరికి నడక మెరుగవుతోంది, కొందరికి అవ్వట్లేదు. ఎవరికి పనిచేస్తుందో ఇంకా పరిశోధనలోనే ఉంది. పనిచేసినా కొన్ని వారాలో నెలలో ఉండి తగ్గిపోవచ్చు. మాత్రలు మాత్రం ఆపకూడదు."

"నెత్తిన కరెంటు పెడతారా?" అన్నాడు దుర్గారావు. "అది పిచ్చోళ్ళకి కదండీ పెడతారు."

"అది వేరు, ఇది వేరండీ. మత్తు ఉండదు, తెలివిగానే ఉంటారు. తలనొప్పి రావచ్చు. ఎప్పుడో అరుదుగా ఫిట్స్ వస్తాయి. అందుకే ముందు అన్నీ అడిగి, చూసి చేస్తాం."

"పిచ్చి నాకు ఎప్పుడో ఉందిరా. లేకపోతే చేపలమ్మి నిన్ను ఇంటర్ దాకా చదివిస్తానా?" అంది అప్పాయమ్మ. ఆ తరవాత డాక్టరమ్మ వైపు తిరిగి, వేళ్ళ మీద రోజులు లెక్కపెట్టి, "ఆదివారం బుట్ట దించి ఆ సాయంత్రమే వత్తాను. మధ్యలో ఒక ఆదివారం పోతాది. రెండో ఆదివారానికి నేను నర్సాపురంలో ఉండాలి. ఉంటానా?" అని అడిగింది.

"మీరుంటారు. మీ కాళ్ళ సంగతి నేను మాటివ్వలేను" అంది పుష్పలత.

"మాటిచ్చే డాక్టర్లని చూసేనులెండి. మీరు మొదలెట్టండి."

కావ్య ఇంట్లో దిగి, సోమవారం ఆసుపత్రికి వెళితే యంత్రం గది చల్లగా ఉంది. అక్కడ పని చూసే అమ్మాయి పేరు శారోన్, రాజోలు పిల్ల. తలకి దగ్గరగా ఇనుమూ బంగారమూ ఏదీ ఉండకూడదంది. కమ్మలు తేలిగ్గానే వచ్చాయి. ముక్కుపుడక మాత్రం పెళ్ళినాడు పెట్టింది, మళ్ళీ కదల్లేదు. కొబ్బరి నూనె రాసి ఇద్దరూ పావుగంట తంటాలు పడితే ఊడింది. అప్పాయమ్మ దాన్ని కొంగున ముడివేసుకుని, చెవుల్లో దూది లాంటివేవో పెట్టించుకుని, కుర్చీలో కూర్చుంది. నెత్తి మీద సరిగ్గా తట్ట కింద చుట్టకుదురు పెట్టుకునే చోటే శారోన్ ఆ తీగచుట్ట ఆనించింది.

"మామ్మగారూ, చోటు దొరికేదాకా ఒక్కొక్కటే కొట్టి చూస్తానండీ. మీ కాలేమైనా కదిలితే అదే మన చోటు."

టక్. ఏమీ లేదు. కొంచెం జరిపింది. టక్. ఏమీ లేదు. ఇంకొంచెం జరిపింది. టక్ మనగానే అప్పాయమ్మ కాలి వేళ్ళు వాటంతట అవే ఎగిరిపడ్డాయి. ఆమె వంగి తన కాలిని చూసి కళ్ళెర్రజేసింది.

"అరవయ్యేళ్ళు మోసేను నిన్ను. నా మాట వినవు గానీ ఈ పిల్ల మాట వింటావే?"

శారోన్ నవ్వాపుకోలేక తీగచుట్ట పక్కకి తీసి, మళ్ళీ చోటు వెతుక్కోవాల్సి వచ్చింది.

తరవాత రోజులన్నీ ఒకలాగే నడిచాయి. అరగంటసేపు నెత్తి మీద వడ్రంగిపిట్ట పొడిచినట్టు టకటకలు, మధ్యలో విరామాలు. రెండో రోజు, మూడో రోజు తలనొప్పి వచ్చింది. అది అయ్యాక వరండాలో నడక. శారోన్ నేల మీద తెల్లటి పట్టీలు అంటించి, వాటి మీదనుంచి అడుగు దాటించమనేది. పట్టీలుంటే కాళ్ళు నడిచేవి. తీసేస్తే గుమ్మం దగ్గర ఆగేవి. ఆరో రోజుకి ఆగడం తగ్గింది, పోలేదు. ఏడో రోజు అప్పాయమ్మ గోడకానుకుని, "పంటు మీద నాకు తెల్ల పట్టీలు ఎవరేత్తారమ్మా" అంది. ఆమె గొంతులో ఓటమి లాంటిది వినపడింది అదొక్కసారే. దానికి ఆమెకే అసహ్యం వేసింది.

శారోన్ ఆలోచించింది. "తాళం ఉన్నా కాళ్ళు కదులుతాయండీ మామ్మగారూ. ఒకటి రెండు అని లెక్కపెట్టుకోండి." లెక్క పనిచెయ్యలేదు. "మీరు వీధుల్లో తిరిగినప్పుడు ఏం పాడుకునేవారు?"

"పాటలేంటి, తట్ట మోసేదానికి? కేకెయ్యడమే."

"అయితే ఆ కేకే వెయ్యండి."

అప్పాయమ్మ మొహం తిప్పుకుంది. "ఆయ్, వేత్తారు. చోటున్నదాన్నమ్మా నేను. చోటున్నది కేకెయ్యదు." శారోన్ ఎంత బతిమాలినా ఆ రోజు నోరు విప్పలేదు.

మర్నాడు టకటకలు అయ్యాక గుమ్మం ముందు కాళ్ళు మళ్ళీ ఆగాయి. వరండాలో పదిమంది రోగులు కూర్చుని ఉన్నారు. అప్పాయమ్మ కళ్ళు మూసుకుంది. ఆమెకి గుమ్మం కనపడలేదు, కుళాయి పక్కన కాసులమ్మ బుట్ట దించుతున్నట్టు కనపడింది. గుండె భగ్గుమంది.

"చందువోయ్... మాగోయ్... రొయ్యోయ్..."

ఇరవై ఏళ్ళు మూతపడ్డ కేక వరండా అంతా మోగింది. మందుల చీటీలు చేత్తో పట్టుకున్నవాళ్ళు ఉలిక్కిపడ్డారు. చందువోయ్ దగ్గర కుడికాలు లేచింది, మాగోయ్ దగ్గర ఎడమకాలు, రొయ్యోయ్ దగ్గర గుమ్మం వెనకబడింది. కేక విని గదిలోంచి పరుగెత్తుకొచ్చిన పుష్పలత ఒకటికి నాలుగుసార్లు దాటించి చూసింది. యంత్రం వదులు చేసిన కాళ్ళని రోజూ నడిచే నిలబెట్టుకోవాలని, ఏది ఎంత పనిచేసిందో తను కూడా చెప్పలేనని ఉన్నదున్నట్టు ఒప్పుకుంది. అప్పాయమ్మకి ఆ లెక్కలక్కర్లేదు. ఆమె మనసు అప్పటికే పంటు బల్ల మీద ఉంది.

రెండో ఆదివారం తెల్లవారుజామున లేచి, పరగడుపున మాత్ర వేసుకుని, గంట ఆగి చద్దన్నం తింది. పులుసుతోనే. ముక్కుపుడక ముక్కున పెట్టుకుంది. దుర్గారావు అంతర్వేదినుంచి తెచ్చిన చందువాలు బేసినులో సర్దుకుని రేవుకొచ్చింది. ఎక్కేటప్పుడు బల్ల దగ్గర ఒక్క క్షణం ఆగి, గొంతులోనే కేక వేసుకుని ఎక్కేసింది. దుర్గారావుతో వెనకే ఎక్కిన నాగదుర్గ ఊపిరి పీల్చుకుంది. తొందరపడింది.

నర్సాపురం ఒడ్డున బల్ల ఏటవాలుగా దిగింది. ముందు బళ్ళు, పక్కన మేకలు, వెనక జనం. ఒడ్డు మీద కాసులమ్మ నిలబడి ఉంది, నెత్తిన బుట్టతో. ఆమె పక్కన బజారులో ఆశీలు పన్ను వసూలు చేసే భాస్కరరావు. కట్టుబాటు తప్పిందీ లేనిదీ చూసి చెప్పాల్సింది ఆయనే. అప్పాయమ్మ బల్ల అంచుకొచ్చింది. కాళ్ళు అంటుకుపోయాయి. గొంతులో కేక వేసుకుంది. కదల్లేదు. మళ్ళీ వేసుకుంది. కదల్లేదు. నెత్తి మీద బుట్ట బరువు మెడలోకి దిగుతోంది.

"అమ్మా, నేను దించుతానమ్మా. ఇంక చాలు" అన్నాడు దుర్గారావు ఏడుపు గొంతుతో.

"నువ్వు దించితే చెల్లదురా. అవతలుండు."

వెనక హారన్ మోగింది. గణపతి బండి దిగి వచ్చాడు. తోస్తాడేమోనని నాగదుర్గ అడ్డం వెళ్ళబోయింది. కానీ వాడు వెనక్కి తిరిగి, చేతులు రెండూ చాపి నిలబడ్డాడు. "ఎవరూ ముట్టుకోకండి. ఆవిడ దిగేక దిగుదాం" అన్నాడు. ఒకసారి తోసినవాడికే తెలుస్తుంది.

గొంతులో వేసుకుంటే కుదరదని అప్పాయమ్మకి అర్థమైంది. ఎదురుగా కాసులమ్మ, భాస్కరరావు, బజారు ఆడవాళ్ళంతా ఉన్నారు. చోటున్నది కేకేస్తే నవ్వుతారు. నవ్వుకుని చావండి అనుకుంది.

"చందువోయ్..."

రేవంతా తలతిప్పింది. కుడికాలు లేచి బల్ల మీద పడింది. పంటు మీదున్న చేపల ఆడవాళ్ళకి సంగతి అర్థమై, ఇద్దరు ముగ్గురు గొంతు కలిపారు.

"నోర్ముయ్యండే. నా కాళ్ళు, నా కేక" అంది అప్పాయమ్మ వెనక్కి చూడకుండా.

"మాగోయ్..." ఎడమకాలు. "రొయ్యోయ్..." మళ్ళీ కుడికాలు. బల్ల అయిపోయింది, బురద వచ్చింది, బురద దాటి మెట్లు వచ్చాయి. ఒక్కొక్క మెట్టుకీ ఒక్కొక్క చేప పేరు. మెట్లెక్కేసరికి తెలిసిన చేపలన్నీ అయిపోయి మళ్ళీ చందువాకొచ్చింది. ఆమె బజారుదాకా అలాగే నడిచింది. నవ్వినవాళ్ళూ ఉన్నారు. కుళాయి పక్కన మోకాళ్ళు వంచి, వణుకుతున్న తన రెండు చేతులతోనే బుట్ట దించింది.

వెనకే బజారుదాకా వచ్చిన కాసులమ్మ నెత్తి మీద తట్ట సర్దుకుంది. తరవాత, "కేక బాగుంది వదినా. నాకే బేరం పోయేలా ఉంది" అని వీధిలోకి వెళ్ళిపోయింది.

భాస్కరరావు దగ్గరికొచ్చాడు. "దిగింది, కాదన్ను అప్పాయమ్మగారూ. కానీ ఈ వైద్యం ఎన్నాళ్ళో నిలబడదంట కదండీ. మీ అబ్బాయే చెప్పేడు. అప్పుడేం చేత్తారు?"

అప్పాయమ్మ చందువాలు వరసగా పేర్చుకుంటోంది. పేర్చడం ఆపలేదు.

"మళ్ళీ ఎల్తానండీ. రెండు వారాలే కదా అది" అంది. "ఒక ఆదివారం ఉండను. రెండో ఆదివారానికి వచ్చేత్తాను."